కాంక్రీటు మీద తాబేలు

మా వీధిలోకి రోజూ ఉదయం కూరగాయల బండి ఒకటి వస్తుంది. బండి మీద మైకు, మైకులో ఎవరో ఎప్పుడో రికార్డు చేసిపెట్టిన గొంతు. టమాటా, వంకాయ, బెండకాయ, దొండకాయ అని అదే వరసలో తిప్పి తిప్పి చెబుతుంది. ఆ రోజు బండి మీద బెండకాయ ఉందా లేదా అన్నదానితో ఆ గొంతుకు నిమిత్తం లేదు. నేను గేటు పట్టుకుని "బెండకాయ ఎంతయ్యా?" అని అరుస్తాను. మైకు హోరులో బండివాడికి నా మాట వినపడదు. "బెండకాయ" అని మైకు నాకే తిరిగి చెబుతూ మలుపు తిరిగి వెళ్లిపోతుంది. రిటైరైన మనిషికి రోజుకు ఒక అవమానం చాలు. నాకు అది కాఫీకి ముందే పూర్తవుతోంది.

దీనికీ నేను చెప్పబోయేదానికీ సంబంధం లేదు. ఉద్యోగంలో ఉండగా రిపోర్టులు కూడా ఇలాగే మొదలుపెట్టేవాణ్ణి. నా ప్రమోషన్లు ఆలస్యం కావడానికి అదొక్కటే కారణమని నేననుకోను.

సివిల్ చదివిన పిల్లలు గల్ఫ్‌కు బయల్దేరే ముందు ఒక్కోసారి నా దగ్గరికి వచ్చి, "అక్కడ ముఖ్యంగా ఏం తెలుసుకోవాలి అంకుల్?" అని అడుగుతారు. వీసా గురించో, వేడి గురించో చెబుతాననుకుంటారు. నేను తాబేలు గురించి చెబుతాను. వాళ్లు మర్యాదస్తులు కాబట్టి చివరిదాకా వింటారు. మీరూ వినండి.

రెండువేల దశకం రెండో సగంలో నేను సౌదీలో, హఫర్ అల్ బాతిన్‌లో పనిచేశాను. దేశానికి ఈశాన్యం మూల, కువైట్ వైపు. ఊరికి ఆనుకుని మిలిటరీ స్థావరం, ఊరి నిండా టైర్ల దుకాణాలు, గొర్రెల సంత. ఎడారి అనగానే మీకు తోచే ఇసుక తిన్నెలు అక్కడ తక్కువ. గట్టి నేల, గులకరాళ్లు, గాలి. మిగతావాటికి కరువున్నా గాలికి మాత్రం ఎప్పుడూ లోటు రాలేదు.

మా కంపెనీ చైనాది. ఊరి బయట లారీలు ఆగే యార్డు ఒకటి కడుతోంది. యార్డంటే పెద్ద విశేషమేమీ లేదు, ఎకరాల కొద్దీ కాంక్రీటు నేల. చదరంగం బల్ల మీద లాగా ఒక గడి పోసి, పక్క గడి వదిలి, మళ్లీ ఒక గడి పోసుకుంటూ పోవాలి. నేను అక్కడ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. కాకినాడలో డిగ్రీ చదివింది ఎందుకంటే, కాంక్రీటు దిమ్మల్ని తెచ్చి ల్యాబ్‌లో మిషన్ కింద పెట్టి నలగ్గొట్టడానికి. ఎంత ఎక్కువ బరువుకు నలిగితే దిమ్మ అంత మంచిదన్నమాట. మనుషుల్ని కూడా అదే పద్ధతిలో అంచనా వేసే మేనేజర్లు మాకు ఉండేవారు.

కాంక్రీటు గురించి మీరు తెలుసుకోవలసింది ఒక్కటి. అది ఎండడం వల్ల గట్టిపడదు, తడిగా ఉండటం వల్ల గట్టిపడుతుంది. పోసిన తర్వాత గోనె పట్టాలు కప్పి వారం పాటు నీళ్లు పెడుతూనే ఉండాలి. దాన్నే క్యూరింగ్ అంటారు. ఆ ఎండలో, ఆ గాలిలో ఎంత జాగ్రత్తగా ఉన్నా మర్నాటికి అక్కడక్కడ వెంట్రుకలాంటి పగుళ్లు కనిపిస్తాయి. తడి తగ్గకుండా చూసుకుంటే అవి అక్కడితో ఆగిపోతాయి. అశ్రద్ధ చేస్తే మాత్రం మనకంటే పట్టుదలగా పనిచేస్తాయి.

ఆ నీళ్లు పెట్టే పని జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఓ డజను మందిది. వాళ్లకో మేస్త్రి. నలభై దాటిన మనిషి, బక్కపలచన, మెడలో ఎప్పుడూ తడి తువ్వాలు. ఆయన మాట్లాడితే తిడుతున్నట్టుండేది, తిడితే మాట్లాడుతున్నట్టుండేది. ఆ డజను మందినీ ఊళ్లో నచ్చజెప్పి, ఏజెంటు దగ్గర హామీ ఉండి వెంటబెట్టుకొచ్చింది ఆయనే.

క్వాలిటీకి పెద్ద ఒక చైనా ఇంజనీరు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. మేం చైనా సారు అనేవాళ్లం. వాళ్లు మమ్మల్ని ఏమనేవాళ్లో మాకు అర్థమయ్యేది కాదు కాబట్టి ఉభయుల మధ్య సంబంధాలు చక్కగా ఉండేవి. ఈయనకు ఇంగ్లీషు మాటలు కొద్దిగా వచ్చు. వాటిలో సగం కాంక్రీటుకు సంబంధించినవి, మిగతా సగం అన్నానికి.

ఈయనకో అలవాటు. రోజూ తెల్లవారగానే చేతులు వెనక్కి కట్టుకుని కొత్త గడుల మీద నడిచేవాడు. పగులు కనిపించిన చోట గొంతుక్కూర్చుని, జేబులోంచి సుద్దముక్క తీసి గుర్తు పెట్టేవాడు. లోకంలో అందరూ అలాంటిచోట ఒక ఇంటూ మార్కు కొడతారు, లేదా బాణం గీస్తారు. ఈయన ఒక అక్షరం రాసేవాడు. విస్తరాకంత అక్షరం, దాన్నిండా గీతలు, గళ్లు, ఒక కొక్కెం. ఒక్కో గీతా తీరిగ్గా, ఒత్తి, చివర చెయ్యి ఎత్తి రాసేవాడు. గుర్తు పెట్టడానికి అంతసేపు పట్టే మనిషిని నేను మరెక్కడా చూడలేదు. రాశాక తల ఓ పక్కకు వంచి చూసుకునేవాడు. పగులు బాగోలేదు గానీ రాత బాగుంది అన్నట్టుండేది మొహం.

ఒకరోజు టీ తాగేటప్పుడు, రేకుల నీడలో, ఏమిటది అని అడిగాను. ఆయన సుద్దముక్కతో నేల మీద ముందు అక్షరం రాశాడు: 龜. తర్వాత దాని పక్కనే బొమ్మ వేశాడు. వేస్తూ ఒక్కో ముక్కా చూపించాడు.

"తల. పైన. కాళ్లు, ఇవి. వీపు, గళ్లు గళ్లు. తోక, కింద."

నేను బొమ్మనూ అక్షరాన్నీ మార్చి మార్చి చూశాను. ఆయన అరచేతిని గోడకు ఆనించి, వేళ్లు కదుపుతూ పైకి పాకించాడు. అప్పుడు తట్టింది, తాబేలు! గోడెక్కుతున్న తాబేలు.

ఆ తర్వాత ఆయన చెప్పింది వినడానికి రెండు గ్లాసుల టీ పట్టింది. వాళ్ల దేశంలో వేల ఏళ్ల కిందట రాజులు ఏ పనికైనా ముందు తాబేలును అడిగేవారట. యుద్ధానికి వెళ్లాలా, వాన పడుతుందా, రాణికి మగపిల్లాడేనా అని. తాబేలు పొట్ట చిప్పకు వెనకవైపు చిన్న గుంట తొలిచి, ఎర్రగా కాల్చిన కడ్డీ ఆనిస్తే, చిప్ప టప్పుమని పగులుతుంది. ఆ పగులు ఎటు పోయిందో చూసి జవాబు చెప్పేవారు. అడిగిన ప్రశ్నను కూడా ఆ చిప్ప మీదే చెక్కేవారు. వాళ్ల రాతల్లో ఇప్పటికి దొరికినవాటిలో బాగా పాతవి అవేనట. రాత, తాబేలు, పగులు, మూడూ ఒక ఇంట్లో పుట్టాయన్నమాట.

"అందుకే పగులుకు కూడా ఇదే," అన్నాడు. ఎండిన చెరువు, చలికి చిట్లిన చెయ్యి, వేటికైనా ఈ తాబేలునే రాస్తారట. జంతువైతే ఒకలా పలుకుతారు, పగులైతే ఇంకోలా. రాత మాత్రం మారదు. నిండు నూరేళ్లకూ అదే గుర్తు, పూర్వం పిల్లలకు పేరుగా కూడా పెట్టేవారట. తర్వాత్తర్వాత దానికి చెడ్డ పేరు కూడా వచ్చిందట. భార్య సంగతి ఊరందరికీ తెలిసి భర్తకు మాత్రం తెలియకపోతే ఆ భర్తను కూడా తాబేలనే అంటారని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి చెప్పాడు. ఆ చుట్టుపక్కల మా ఇద్దరి భాష అర్థమయ్యేవాళ్లెవరూ లేరు. ఆ మాటకొస్తే మా ఇద్దరికీ కూడా అంతంతమాత్రమే.

ఇప్పుడు చైనాలో ఈ అక్షరాన్ని కుదించేశారట. ఏడు గీతల్లో అయిపోయే ఆ కొత్త రూపం రాసి చూపించాడు.

"తోక ఉంది. కాళ్లు లేవు," అన్నాడు కోపంగా. "ఎలా నడుస్తుంది?"

నాకు ఈ సంగతంతా ఎంతో నచ్చింది. ఎవరికీ చెప్పకుండా దాచుకునేంత నచ్చింది.

ఎండలు ముదిరాయి. యార్డులో ఒక వింత మొదలైంది. చైనా సారు వెంట్రుకంత పగులు చూసి గుర్తు పెట్టిన ప్రతిచోటా, వారం తిరిగేసరికి ఆ పగులు గోరు దిగేంత అయ్యేది. గుర్తు లేని చోట నేల నున్నగా, అద్దంలా ఉండేది. తాబేలు ఎక్కడ కూర్చుంటే అక్కడే నేల విచ్చుకునేది. ఆయన ఇసుక జల్లించి చూశాడు, సిమెంటు మార్చి చూశాడు, నా దిమ్మల్ని ఇంకా ఎక్కువగా నలగ్గొట్టించాడు. ఏమీ తేలలేదు. ఒకరోజు తన సుద్దముక్కను కూడా అనుమానంగా చూసుకున్నాడు.

మా పని తనిఖీ చేయడానికి యజమాని తరఫున ఒక ఈజిప్టు ఇంజనీరు ఉండేవాడు. కన్సల్టెంటు. ఎత్తుగా, లావుగా, ఎప్పుడూ కారు ఏసీ ఆపకుండా దిగే మనిషి. ఆయనకు చైనా సారులాగా సందేహాలుండవు.

"మోయా మాఫీ," అన్నాడు పగులు మీద బూటు పెట్టి. నీళ్లు లేవు అని. "మీ వాళ్లు మధ్యాహ్నం పట్టాల కింద పడుకుంటున్నారు. ఈ గడులన్నీ పగలగొట్టండి. ఈ గ్యాంగును ఎగ్జిట్ మీద పంపించెయ్యండి. ఖలాస్."

ఎగ్జిట్ అంటే ఏమిటో సౌదీలో ఎవరికీ తెలుగులో చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు మీద ముద్ర పడుతుంది, మనిషి విమానంలో పడతాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కడం కల్ల.

ఆ సాయంత్రమే మేస్త్రి ల్యాబ్‌కు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సార్, మేం నీళ్లు గొడ్తలేమంట. మమ్ముల ఎగ్జిట్ కొడ్తరంట. గిదేం కథ?"

"కొడుతున్నారా మరి?"

"ఇగో, గీ చేతులు జూడుండ్రి." లోపలికొచ్చి రెండు అరచేతులూ నా మొహం ముందు పెట్టాడు. నానిపోయి తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. "నీళ్లు గొట్టనోని చేతులు గిట్లుంటయా?"

"కాంక్రీటు మాత్రం ఇంకోలా చెబుతోంది మేస్త్రీ."

"దానికి నోరున్నదా సార్?"

"ఈమధ్యే తెరిచింది."

ఆయన నవ్వలేదు. నేను నవ్వించాలనుకున్న సమయాలు సాధారణంగా అలాంటివే.

"పన్నెండు మంది సార్. ఇండ్లల్ల అమ్మలను, పెండ్లాలను నమ్మిచ్చి తోల్కొచ్చిన. పని చాతగాక ఎల్లగొట్టిండ్రంటే నేను ఏ మొఖం వెట్టుకొని ఊర్లె దిగాలె? ఎండకు సచ్చిండ్రంటే నమ్ముతరు గని, పండుకున్నరంటే ఎట్ల నమ్మాలె? మేం పండుకోలే సార్."

ఆయన వెళ్లాక చాలాసేపు మిషన్ ముందు కూర్చున్నాను. నేను సాధారణంగా నిర్ణయాలు తీసుకునే మనిషిని కాను, వాటికి సాక్షిగా ఉండటమే నా ఉద్యోగం. కానీ ఆ రోజు రెండు నిర్ణయాలు తీసుకున్నాను. కారణమేమిటో తేలేదాకా ఒక్కరినీ కదలనివ్వను. ఒకవేళ వాళ్లు నిజంగా పడుకుంటుంటే, అది కూడా నా కళ్లతోనే చూస్తాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి, యార్డు చివర ఆపిన పికప్‌లో కూర్చున్నాను. అద్దాలు దించితే గాలి కాలుస్తుంది, ఎత్తితే కారు ఉడికిస్తుంది. మధ్యేమార్గంగా సగం దించి రెండూ అనుభవించాను.

వాళ్లు పడుకోలేదు. ఒక్కడు కూడా. పైపులు లాగుతూ, పట్టాలు తడుపుతూ, జారిన పట్టా సర్దుతూ గడి తర్వాత గడి తిరుగుతున్నారు. నేను ఈజిప్టు ఇంజనీరు మీద పగ తీర్చుకోవడానికి కావలసిన ఇంగ్లీషు వాక్యాలు మనసులో పేర్చుకుంటున్నాను.

అప్పుడు చూశాను. పైపు పట్టుకున్న ఒకతను గడి మధ్యకు వచ్చి ఆగాడు. పైపు మూతి మీద బొటనవేలు పెట్టి నీటి ధారను పక్కకు తిప్పాడు. అటు కాస్త, ఇటు కాస్త కొట్టి, మధ్యలో విస్తరాకంత జాగా వదిలేసి, చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాడు. అక్కడ గోనె పట్టా కూడా అంచు చక్కగా వెనక్కి మడిచి ఉంది. మడత మీద నాలుగు రాళ్లు పెట్టారు, గాలికి మళ్లీ కప్పుకోకుండా. మధ్యలో చైనా సారు రాసిన తాబేలు, ఒక్క చుక్క తడి తగలకుండా, ఎండలో తెల్లగా మెరుస్తోంది.

పికప్ దిగి ఇంకో గుర్తు దగ్గరికి వెళ్లాను. అక్కడా అంతే. ఇంకోచోట కూడా. యార్డంతా తడిసి చల్లగా ఉంది. సరిగ్గా పగుళ్లున్న చోట్లు మాత్రమే, ఎంతో శ్రద్ధగా, డాబా మీద అప్పడాల్లాగా ఎండబెట్టి ఉన్నాయి.

మేస్త్రిని పిలిచాను. "ఇక్కడెందుకు తడపలేదు?"

ఆయన నన్ను వింతగా చూశాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"అచ్చరం ఉన్నది గద సార్."

"అయితే?"

"అయితే ఏంది సార్? అచ్చరం మీద నీళ్లు వోసి చెరుపుతరా? కాలు వెడ్తరా? సరస్వతి గాదూ?"

"మేస్త్రీ, అది చైనా అక్షరం."

"అయితె? చైనాల సదువు లేదా సార్?"

డిగ్రీ చదివిన మనిషిని, కింద పడ్డ పుస్తకాన్ని తీసి కళ్లకద్దుకోకుండా నేను కూడా ఎప్పుడూ ఉండలేదు. మనవాడెవడైనా అదే చేస్తాడు. పొరపాటున కాగితానికి కాలు తగిలితే పెళ్లిపందిట్లోనైనా వంగి దాన్ని ముట్టుకుంటాం. వీళ్లు అదే చేశారు, కాకపోతే ఎకరాల మేర. పైగా పెద్ద సారు అంతసేపు కూర్చుని, అంత భక్తిగా రాసిన అక్షరం. అది దోషానికి పెట్టిన గుర్తని వాళ్లకెవరు చెప్పారు?

ఇంకో దారిలో వెళ్లి చూశాను. "చిన్నప్పుడు పలక తుడవలేదా నువ్వు? నీళ్లతోనే కదా తుడిచాం. పాపం వచ్చిందా?"

మేస్త్రి ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు మీసం కదిలేది.

"పలక తుడిసినంక మల్ల రాస్తం సార్. గిక్కడ చెరిపితె చెరిపినట్టే. మల్ల రాసుడేది?"

అది వాదన. ఎవరి ముందైనా పెట్టదగ్గ వాదన. నేను దాన్ని చైనా సారు ముందు పెట్టాను.

చైనా సారుకు చెప్పడానికి మాటలు చాలక, పైపు తెచ్చి నటించి చూపించాల్సి వచ్చింది. బొటనవేలు అడ్డం పెట్టడం, చుట్టూ తిరగడం, చివర వంగి నేలను తాకి కళ్లకు అద్దుకోవడం. ఆయన చివరిదాకా చూశాడు. నవ్వుతాడనుకున్నాను. కోప్పడతాడేమోనని కూడా అనుకున్నాను. ఆయన తన గుర్తు పక్కన గొంతుక్కూర్చుని, ఎండిన నేల మీద చెయ్యి పెట్టి, తీసేశాడు. చెయ్యి కాలి ఉంటుంది.

"మా తాత," అన్నాడు. తర్వాత మాట కోసం వెతుక్కున్నాడు. చేతులతో చిన్న గూడులాంటిది గీసి చూపించాడు. వాళ్ల ఊళ్లో వీధి మొదట్లో ఇటుకలతో కట్టిన చిన్న పొయ్యి ఉండేదట. రాతలున్న కాగితాలు చెత్తలో పడెయ్యకుండా, తొక్కకుండా, ఏరుకొచ్చి అందులో మాత్రమే కాల్చేవారట. వాళ్ల తాత చీపురు పట్టుకుని వీధంతా కాగితాలు ఏరేవాడట. "ఇప్పుడు లేదు. పొయ్యి లేదు, తాత లేడు," అని లేచి నిలబడ్డాడు. మేస్త్రి వంక చూసి, తల కొంచెం వంచాడు. మేస్త్రి కూడా, ఎందుకో తెలియకుండానే, వంచాడు. ఒకళ్ల భాష ఒకళ్లకు రాకపోవడం వల్ల జరిగే నష్టాల గురించి నేను చాలా చోట్ల చదివాను. ఇలాంటివి ఎవరూ రాయరు.

ఈజిప్టు ఇంజనీరు దగ్గరికి ముగ్గురం వెళ్లాం. ఆయన కారు అద్దం సగం దించి విన్నాడు.

"అరబిక్ అయితే నాకు అర్థమవుతుంది," అన్నాడు. "నేల మీద అల్లా పేరున్న కాగితం కనిపిస్తే నేనూ తీసి పైన పెడతాను. కానీ, యా అఖీ, నా సోదరా, చైనీస్‌కా? పన్నెండు మంది ఇండియన్లు చైనా అక్షరానికా? ఇంతకంటే మంచి సాకు దొరకలేదా?"

"సాకు కాదు," అన్నాడు చైనా సారు. ఆయన నోట అంత గట్టిగా ఇంగ్లీషు రావడం అదే మొదటిసారి. "గుర్తు నాది. పగులు నాది. వీళ్లు వెళితే, నేను కూడా."

కన్సల్టెంటు అద్దం పూర్తిగా దించాడు. ఆయనకు ఆ వయసులో ఉన్న ఇంకో చైనా ఇంజనీరుతో మళ్లీ మొదట్నుంచి పరిచయం పెంచుకునే ఓపిక లేదనుకుంటాను.

"ఒక గడి," అన్నాడు. "అదే మనుషులు, అదే సిమెంటు. పగులు రాగానే రోజూ రాసినట్టే మీరు దాని మీద రాయాలి. వారం తర్వాత నేను కొలుస్తాను. వెంట్రుక వెంట్రుకగానే ఉంటే వీళ్లుంటారు. పెరిగితే, అక్షరం లేదు, తాత లేడు. ఎగ్జిట్."

గడి పోశాం. మర్నాడు తెల్లవారేసరికి, ఆ కాలంలో రావలసినట్టే, ఒక మూలగా సన్నటి పగులు వచ్చింది. అది వచ్చినందుకు సంతోషించిన సివిల్ మనుషులు ప్రపంచంలో మేమే అయ్యుంటాం. కన్సల్టెంటు గీతలున్న ప్లాస్టిక్ బిళ్లతో దాని వెడల్పు కొలిచాడు. చైనా సారు కూర్చుని, దాని మీద తాబేలు రాశాడు. ఎప్పటికంటే తీరిగ్గా రాశాడు. తర్వాత షట్టరింగ్ చెక్క ఒకటి తెప్పించి, దాని మీద మళ్లీ అదే అక్షరం రాసి, గడి అంచున నేలలో పాతాడు. మేస్త్రి వైపు తిరిగి, ముందు చెక్కను, తర్వాత నేల మీది అక్షరాన్ని, తర్వాత నీళ్ల పైపును చూపించాడు.

మేస్త్రి చెక్కను చూశాడు. మల్ల రాసుడు అయిపోయింది, ఇక వాదన మిగల్లేదు. వెనకాల పన్నెండు మంది తలపాగాలు సర్దుకుంటూ నిలబడ్డారు.

"రాసినాయినె మొదలు వోయాలె సార్," అన్నాడు నాతో, మెల్లగా. "తరువాత మేం చూస్కుంటం."

చెప్పాను. చైనా సారు మగ్గు తీసుకుని మొదటి నీళ్లు పోశాడు. సుద్ద తెల్లగా కారి, తోక మొదట, కాళ్లు తర్వాత కరిగిపోయాయి. మేస్త్రి వంగి ఆ తడిని వేళ్లతో తాకి కళ్లకద్దుకుని, పట్టా లాగి కప్పి, "కానీయుండ్రి ర బై!" అని ఒక్క కేక వేశాడు.

ఆ వారం వాళ్లు ఆ గడిని చూసుకున్నట్టు బాలింతను కూడా ఎవరూ చూసుకుని ఉండరు. వంతులు వేసుకున్నారు. ఒకళ్లు అన్నానికి వెళితే ఇద్దరు కాపలా. తడి సరిపోయిందా అని పట్టా ఎత్తి చెంప ఆనించి చూసేవారు. నేను ల్యాబ్ వదిలేసి అక్కడే తిరిగేవాణ్ణి. దిమ్మలు కొన్నాళ్లు నలగకుండా హాయిగా ఉన్నాయి.

వారం సగమయ్యాక గాలి లేచింది. ఉత్తరం నుంచి వచ్చే ఆ గాలిని అక్కడ షమాల్ అంటారు. తెల్లవారేసరికి ఆకాశం గోధుమపిండి రంగుకు తిరిగింది. పట్టాలు లేచిపోతుంటే రాళ్లు పెట్టారు, రాళ్లు చాలక పట్టాల మీద మనుషులే కూర్చున్నారు. పొద్దెక్కేసరికి మా నీళ్ల డ్రమ్ములు అడుగంటాయి. ట్యాంకర్ రావాలి. రాలేదు. డ్రైవరుకు ఫోన్ చేస్తే ఊరి దాకా రోడ్డు కనిపించడం లేదు, ఆగిపోయాను అన్నాడు.

కన్సల్టెంటు కారు వచ్చి ఆగింది. ఆయన దిగలేదు. లోపల్నుంచి ఖాళీ డ్రమ్ముల వంక చూశాడు.

"మోయా మాఫీ?" అన్నాడు. ఈసారి అందులో వెటకారం లేదు, ఉన్న మాటే అడిగినట్టుంది.

"ఫీ," అన్నాడు మేస్త్రి. ఉన్నాయి అని. అంత ధైర్యంగా అబద్ధమాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. తర్వాత మావాళ్ల వైపు తిరిగాడు. "క్యాంపుల తానం చేసే నీళ్ల ట్యాంకి ఉన్నది. ఇయ్యాల ఎవ్వడు తానం జెయ్యడు. బకిట్లు దీస్కరాండ్రి!"

"రేపు?" అన్నాడు ఎవరో.

"రేపు గూడ చెయ్యకుండ్రి. ఇండియాకు వొయినంక జేద్దురు."

క్యాంపు దగ్గరేమీ కాదు. ఆ గాలిలో ఎదురుగా వస్తున్న మనిషి మొహం కూడా సరిగా కనిపించడం లేదు. తువ్వాళ్లు మొహానికి చుట్టుకుని, బకెట్ల మీద మూతలుగా పళ్లేలు పెట్టుకుని, వరసగా నడవడం మొదలుపెట్టారు. నేను కూడా రెండు బకెట్లు పట్టుకున్నాను. దారిలో సగం ఒలికించేవాణ్ణి. మూడోసారికి మేస్త్రి నా చేతుల్లోంచి బకెట్లు తీసుకుని, "మీరు పట్టా మీద కూసోండ్రి సార్, మీ బరువు పనికొస్తది," అన్నాడు. కూర్చున్నాను. నా ఇరవయ్యేళ్ల సర్వీసులో నా అర్హతకు పూర్తిగా సరిపోయిన పోస్టింగ్ అదే.

కాసేపటికి నా పక్కన ఇంకో బరువు వచ్చి కూర్చుంది. చైనా సారు. కళ్లద్దాల నిండా దుమ్ము. ఇద్దరం అలా పట్టా రెండు మూలల మీద కూర్చున్నాం. మధ్యలో మా కింద, తడి గోనె కింద, కరిగిపోయిన తాబేలు. బకెట్లు వస్తూనే ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక కన్సల్టెంటు కారు డిక్కీ తెరిచి, తన తాగునీటి సీసాల పెట్టె ఒకటి తెచ్చి, గడి అంచున పెట్టి వెళ్లిపోయాడు. తాగడానికా, పొయ్యడానికా అని మేం అడగలేదు. మేస్త్రి సగం మావాళ్లకు పంచి, సగం పట్టా మీద పోశాడు. గాలి సాయంత్రానికి తగ్గింది. పట్టా మాత్రం ఎక్కడా ఎండలేదు.

వారం పూర్తయిన రోజు అందరం గడి చుట్టూ చేరాం. పట్టా తీశారు. నేల ముదురు బూడిదరంగులో, చల్లగా, నిండుగా ఉంది. కన్సల్టెంటు మోకాళ్ల మీద కూర్చోవడం మేం చూడటం అదే మొదలు. ప్లాస్టిక్ బిళ్ల పెట్టి కొలిచాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ కొలిచాడు. వెలుగుకు అడ్డం వచ్చారని మమ్మల్ని పక్కకు తప్పించి ఇంకోసారి కొలిచాడు.

వెంట్రుక వెంట్రుకగానే ఉంది.

ఆయన లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "ఉంటారు," అన్నాడు చైనా సారుతో. ఆ తర్వాత మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి, "వెళ్లి స్నానం చెయ్యండి, అందరూ," అన్నాడు. ఆయన ఇచ్చిన ఆదేశాల్లో ఎవరూ అభ్యంతరం చెప్పనిది అదే. పగిలిన పాత గడులు మళ్లీ పొయ్యాల్సి వచ్చింది, పోశాం. ఆ పన్నెండు మందే నీళ్లు పెట్టారు. యార్డు చుట్టూ చెక్కలు లేచాయి, ఒక్కో చెక్క మీద ఒక్కో అక్షరం. దూరం నుంచి చూస్తే ఏదో ఊరి ఎన్నికల్లాగా ఉండేది.

ఆ రోజు అందరూ వెళ్లిపోయాక మేస్త్రి ఒక్కడే నా దగ్గర ఆగాడు. మెడలో తువ్వాలు తీసి పిండాడు. చెక్క మీది అక్షరాన్ని తేరిపార చూశాడు. దానికోసం తను వారం రోజులు ఎండనీ గాలినీ ఓర్చిన మనిషి.

"ఇన్ని దినాల సంది అడుగుడే మర్చిన. గాయిన రాసింది ఏంది సార్?"

"తాబేలు," అన్నాను.

ఆయన చెక్కను చూశాడు. నేలను చూశాడు. తర్వాత నన్ను, కింద నుంచి పైదాకా, మిషన్‌లో పెట్టాల్సిన దిమ్మను చూసినట్టు చూశాడు.

"గదేదో మొదలే జెప్పొద్దా సార్? తాబేలైతె నీళ్లల్లనే ఉంచుతుంటిమి గద!"